గోలీల మిషినుకు పెళ్లి లైట్లు

మా ఆయన దుకాణం తాండూరులో స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో ఉండేది. మైకు సెట్లు, పెళ్లి లైట్లు కిరాయికి ఇచ్చేవాడు. దుకాణం వెనకే ఇల్లు. రెంటికీ నడుమ ఒక తలుపు, తలుపుకు గోనెపట్టా తెర. తెరకు ఇవతల నేను, మా అత్త, పొయ్యి. అవతల మా ఆయన, పని బల్ల, రోడ్డు, మిగతా లోకం.

నాకు ఆ బల్ల దగ్గర ఒక స్టూలు కావాలి. ఆ రోజుల్లో నాకున్న కోరిక అదొక్కటే.

ఇవతల కూడా నాకు పని ఉండేది. చిన్న బల్బులకు రంగు వేసేది నేనే. ఎరుపు ఒక గిన్నెలో, పచ్చ ఒక గిన్నెలో కలుపుకొని, బల్బును తలకిందులుగా ముంచి తీసి, వైరుతో దండేనికి వేలాడదీసేదాన్ని. మా దండెం మీద చీరల కంటే బల్బులే ఎక్కువ కనబడేవి. పెళ్లిళ్ల కాలమంతా నా గోళ్లు ఒక్కొక్కటి ఒక్కో రంగులో ఉండేవి. అయినా రంగు వేసిన బల్బు వెలుగుతుంటే చూసే భాగ్యం మాత్రం పెళ్లివారిది.

అసలు విద్య అంతా బల్ల మీద ఉండేది. దాన్ని రోలరు అనేవాళ్లు. రొట్టెల కర్ర కంటే కొంచెం లావుగా ఉండే ఒక చెక్క దుంగ, దానికి అక్కడక్కడ ఇత్తడి రేకు ముక్కలు కొట్టి ఉంటాయి. పాత ఫ్యాను మోటరు దుంగను తిప్పుతుంటే, పైనున్న రాగి నాలుకలు ఆ రేకులను తాకుతూ వదులుతూ పోతాయి. తాకితే దీపం వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. పందిట్లో లైట్లు ఒకదాని వెంట ఒకటి ఉరుకుతున్నట్టు కనబడేది దీనివల్లే. నిజానికి ఉరికేది ఏదీ లేదు. తెర సందులోంచి చూసి ఈ మోసం కనిపెట్టిన రోజు నాకు సంతోషంతో అన్నం సయించలేదు.

"నేను గూడ ఆడ కూసోని రోలరు చేస్త అత్తమ్మా" అని అడిగాను.

"కూసో, కూసో. బజారుకు పోయేటోళ్లంత ఆగి నా కోడలు మొఖం సూసుకుంట పోతరు. రొట్టెలు మీ అయ్య వచ్చి చేస్తడు" అంది మా అత్త.

మా అయ్య మర్పల్లి దిక్కు గొర్లకాపరి. మాది గొంగళ్లు నేసే ఇల్లు. నడక వచ్చిన కొన్నాళ్లకే నాకు రాట్నం మీద ఉన్ని వడకడం వచ్చింది. చదువు మాత్రం రాలేదు. పలక పట్టింది చాలా ఏళ్ల తర్వాత, వయోజన బడిలో, నా కొడుకు కంటే చిన్నదైన పంతులమ్మ దగ్గర.

ఎమర్జెన్సీ పోయి, ఊళ్లో పెళ్లిళ్లు మళ్లీ ఆర్భాటంగా జరుగుతున్న రోజులవి. వికారాబాద్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మేమందరం ఆయన్ని చాచా అని పిలిచేవాళ్లం. అక్కడి స్టేషన్ దగ్గర ఆయనకు ఆటల దుకాణం ఉండేది. అందులో గోలీల మిషిను ఒకటి ఉండేది. సికింద్రాబాద్‌లో ఏదో క్లబ్బు మూతపడితే అక్కడి నుంచి లారీలో తెచ్చుకున్నాడట.

"బేటా, నా మిషినుకు పెండ్లి చెయ్యాలె" అన్నాడు చాచా, బల్ల మీద టోపీ తీసిపెట్టి.

"ఎవరితోని చాచా?"

"నీ లైట్లతోని."

తెర ఇవతల నేను రొట్టె తట్టడం ఆపాను.

"పోరగాండ్లు వస్తలేరు బేటా. అందరు సీన్మకు పోతున్నరు. మిషినుల దీపాలున్నయి గని, నా కండ్ల తీరుగ గుడ్డిగ గట్లనే వెలుగుతుంటయి. అవి మెరవాలె. ఆట నిమ్మళంగ ఉంటే నిమ్మళంగ, జోరుమీదుంటే జోరుగ."

"గది కాదు చాచా. మా రోలరుది ఒక్కటే నడక. మోటరు ఎట్ల తిరిగితే అట్ల. ఆట నడుమ మార్చనీకి రాదు."

"వస్తది" అన్నాను తెర వెనక నుంచి.

చాచా తెర దిక్కు తిరిగి, "ఎట్ల వస్తది బేటీ?" అని మర్యాదగా అడిగాడు.

"రాట్నం లెక్కనే చాచా. తాడు సన్న కదురు మీద పోతే కదురు గిరగిర తిరుగుతది. కదురు లావుంటే నిమ్మళమైతది. రోలరు కొసకు ఒక బొంగరం పెట్టాలె, మొన దిక్కు సన్నం, తల దిక్కు లావు. మోటరు నుంచి రబ్బరు పట్టీ దాని మీద పడాలె. పట్టీని మొనకు జరిపితే జోరు, తలకు జరిపితే నిమ్మళం."

మా ఆయన తెర ఎత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నా రెండు చేతులకూ జొన్నపిండి ఉంది.

"చేసి చూపెట్టు. చాచా మెచ్చుకుంటే స్టూలు ఏస్త" అన్నాడు.

మా అత్త పొయ్యి దగ్గర నుంచే పంచాయితీ పెట్టింది. "మెచ్చుకోకుంటే?"

"మెచ్చుకోకుంటే స్టూలు మాట మళ్ల ఎత్తొద్దు."

"ఆ సాయబన్ననే మెచ్చాలె. మొగడు మెచ్చుకుంటే లెక్కల రాదు" అంది మా అత్త. నేను సరేనన్నాను. పొయ్యి మీద రొట్టె మాడిపోయింది.

చెక్కపని చేసే వడ్ల ఆయన దగ్గర బొంగరం చేయించుకున్నాను, గుమ్మడికాయంత. "ఎవరు ఆడతరమ్మా దీన్ని, భీముడా?" అని అడిగాడాయన. పాత సైకిలు ట్యూబును అడ్డంగా కోస్తే పట్టీ దొరికింది. ఒక చిక్కు మాత్రం వచ్చింది. పట్టీని ఎక్కడ పెట్టినా అది తనంతట తాను జరిగి జరిగి బొంగరం లావు దిక్కుకే ఎక్కేది. పల్లం వదిలి మిట్టకు ఎక్కే మా అయ్య మందలోని మేకపోతు బుద్ధే దానికీ ఉంది. అందుకని పాత గరిటె ఒకటి తీసుకుని, కొసను చీల్చి పట్టీకి ఇరుపక్కలా ఆనేట్టు వంచాను. ఇక గరిటె ఎటు జరిపితే పట్టీ అటు. చెయ్యి తీస్తే మళ్లీ మేకపోతు బుద్ధే. పట్టుకునే ఉండాలి.

ఆ వారం మా ఇంట్లో వంటలూ భోజనాలూ మెరుపుల కిందే జరిగాయి. నేను గరిటె జరుపుతూ చూస్తుంటే, మా అత్త తెలియకుండానే జోరుగా వెలిగినప్పుడు జోరుగా నమిలేది, నిమ్మళంగా వెలిగినప్పుడు నిమ్మళంగా నమిలేది. అది చూసి మా ఆయనకు పొలమారింది. నేను కావాలనే గరిటెను మొన దాకా జరిపాను.

"ఏందే, నన్ను గూడ మోటరుకు కట్టినవా?" అంది మా అత్త, కంచం పట్టుకుని అవతలికి జరిగి.

దసరాకు కొంచెం ముందు ముగ్గురం ప్యాసింజరు బండెక్కాం. మా అత్త ఎందుకంటే, ఆటల దుకాణానికి కోడలిని ఒక్కదాన్నే పంపదట. మొగుడు పక్కనుంటే ఒక్కదాన్నే పోవడం ఎట్లవుతుందని నేను అడగలేదు. ఆమె ఒడిలో ఒక సంచి ఉంది, నా ఒడిలో రోలరు. సేడం దిక్కు నుంచి వస్తున్న ఒకామె కన్నడం కలిపి, ఇది కొత్త రకం రాట్నమా అని అడిగింది. అవునన్నాను. దేనిని వడుకుతుందంటే, వెలుతురునని చెప్పాను. ఆమె మా అత్త దిక్కు జాలిగా చూసింది.

చాచా దుకాణంలో గోలీల మిషిను గోడ పక్కన నిలబడి ఉంది. వాలుగా పెట్టిన మంచంలాంటి బల్ల, మీద అద్దం. లోపల ఇనుప గోలీ ఎగిరి మిట్టలకు కొట్టుకుంటే, గంటలు మోగి, అంకెల చక్రాలు టకటక తిరుగుతాయి. తల దిక్కున నిలువు అద్దం మీద ఒక దొరసాని బొమ్మ. పెద్ద చేప మీద కూర్చొని ఉంది. ఒంటి మీద బట్ట చాలా తక్కువ.

"సాయబన్నా, గీమెకు చీర కట్టేటోళ్లు లేరా?" అంది మా అత్త.

"గామె నీళ్లల్ల ఉన్నదక్కా. తడుస్తదని" అన్నాడు చాచా.

మా ఆయన మిషిను మూత ఎత్తాడు. లోపలి వైర్లు చూస్తే, కోసిన గొర్రె పేగులు గంపలో కుప్ప పోసినట్టు ఉన్నాయి. గోలీని కొట్టే తీగ చుట్టలకు పోయే వైర్లు వేరు, దీపాలకు పోయే వైర్లు వేరు. మా ఆయన దీపాల వైర్లను ఏరి పట్టుకుని, తెంపి, నా రాగి నాలుకలకు కలిపాడు. మిషిను పక్కకు ఒక చెక్క బిగించి, దాని మీద రోలరు, మోటరు కూర్చోబెట్టాం. ఆ మూత కిందే ఇంకొకటి చూపించాడు చాచా. ఒక ఇనుప వలయం, దాని నడుమ వేలాడుతున్న ఒక గుండు. ఎవరైనా కుమ్మితే, మిషినును గుంజితే, గుండు ఊగి వలయానికి తగులుతుంది. వెంటనే ఆట ఆగిపోతుంది. మోసం చేసే వాళ్లకు అదే శిక్ష.

పని అయ్యాక మా ఆయన, చాచా చాయ్ తాగడానికి పోయారు. నేను బోరింగు దగ్గర చేతులు కడుక్కోవడానికి పోయాను. మా అత్త మిషిను దగ్గరే ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి ఆమె సంచి ఖాళీ అయి ఉంది. మిషిను కాళ్లకు పసుపు, దొరసాని నుదుట పావలా అంత కుంకుమ. గచ్చు మీద కొబ్బరికాయ కొట్టింది. ఆ గచ్చు మా తాండూరు బండలదే, అద్దంలా నునుపు పట్టింది. దాని మీద కొబ్బరినీళ్లు చక్కగా పారుతున్నాయి.

"పండుగ దినాలల్ల ఇనుప సామానుకు పూజ చెయ్యకుంట ముట్టొద్దు. గంత గూడ తెలువదు మీకు" అంది. చాచా దొరసాని బొట్టు చూసి, "మంచిగున్నది. ఇప్పుడు మా ఇంటామె గూడ ఏమనది" అన్నాడు.

సాయంత్రం హైదరాబాద్ బండి దిగిన జనం ముందర నుంచి పోతున్నప్పుడు మా ఆయన మీట నొక్కాడు. నేను గరిటెను బొంగరం తల దగ్గర పెట్టాను. దీపాలు నిదురలో ఊపిరి తీసినట్టు వెలిగి, ఆరి, వెలిగాయి. మొదట ఒక హమాలీ ఆగాడు, నెత్తి మీద ట్రంకు పెట్టెతోనే. ట్రంకు పెట్టె ఎవరిదో ఆయన కూడా ఆగాడు. నేను గరిటెను కొంచెం జరిపాను. దొరసాని కింద చేప ఈదడం మొదలుపెట్టింది. ఇంకొంచెం జరిపాను. గుంపులో ఎవరో ఈల వేశారు. ఆ ఈల నా మెరుపులకేనని నాకు లోపల గిలిగింతలా నవ్వు పుట్టింది. పళ్లు బిగపట్టి గరిటె మీదే చూపు పెట్టాను.

బండల లారీ డ్రైవరు ఒకాయన బిళ్ల వేసి ఆట మొదలుపెట్టాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. గోలీ పక్క సందులో పడబోతుంటే మిషినును ఒక్క కుమ్ము కుమ్మాడు. ఆట ఆగిపోవాలి. ఆగలేదు. గోలీ మళ్లీ పైకి ఎగిరి గంటలు మోగించింది. ఆయన ఇంకోసారి కుమ్మాడు. అప్పుడూ ఆగలేదు. మనిషికి హుషారొచ్చింది. మిషినును రెండు చేతుల్లో కావిలించుకుని, జొన్న బస్తాను దులిపినట్టు దులిపాడు. అంకెల చక్రాలు ఎన్నడూ తిరగని అంకెల దాకా తిరుగుతున్నాయి. జనం "హా, హా" అని తాళం వేస్తున్నారు. నేను కూడా ఒళ్లు మరిచి గరిటెను మొన దాకా తోశాను.

అప్పుడు మిషిను నడిచింది.

కొబ్బరినీళ్ల మీద మొదటి కాలు జారింది, దాని వెనక మిగతా కాళ్లు. డ్రైవరు తోస్తుంటే మిషిను మెరుస్తూ, మోగుతూ, వాకిలి దిక్కు బయలుదేరింది. గరిటె వదిలితే మెరుపు నిమ్మళిస్తుంది, నిమ్మళిస్తే చాచా మెచ్చడు. అందుకని నేను గరిటె పట్టుకునే పక్కన నడిచాను. నా వెనక మా ఆయన వైరు పట్టుకుని. ఆయన వెనక మా అత్త. "ఏడికి తోల్కపోతున్నవురా మా కోడలిని?" అని ఆమె డ్రైవరును అడుగుతోంది. చాచా వాకిట్లో రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, బారాత్‌కు ఎదురొచ్చిన మామలాగా. గడప దాకా రాగానే వైరు బిగుసుకుని, గోడలోంచి ప్లగ్గు ఊడింది. దీపాలు, గంటలు, మోటరు, అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

జనం చప్పట్లు కొట్టారు. చాచా కొట్టలేదు. మూత ఎత్తి చూశాడు. వేలాడే గుండుకు బంతిపూల దండ బిగించి చుట్టి ఉంది. గుండుకూ వలయానికీ నడుమ పూలు దిండులా కూరుకుని ఉన్నాయి. ఇక అది ఊగేదెట్ల, తగిలేదెట్ల.

"ఎవరు పెట్టిన్రు గీ పూలు?"

"నేనే" అంది మా అత్త. "లోపట గదొక్కటే వేలాడుతున్నది. దాని పానం అందుల్నే ఉన్నదనుకున్న. దండ ఎయ్యకుంట ఉత్తగ ఎట్ల ఇడుస్త?"

చాచా గోడకు ఆనుకుని చాలాసేపు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్లు తుడుచుకుని అన్న మాట ఇది: "బేటీ, జనం నీ మెరుపులకు ఆగిన్రా, అక్క పూలకు ఆగిన్రా, నాకు ఎట్ల తెలవాలె? పూలు తీసి ఆడిద్దాం. అప్పటికి గూడ జనం ఉంటే గెలుపు నీదే."

పూలు తీయొద్దని జనం గొడవ పెట్టారు. మా అత్త సణుగుతూ దండ విప్పి, దాన్ని దొరసాని అద్దానికి వేసింది. మిషినును గోడకు చేర్చి, గచ్చు తుడిచి, ప్లగ్గు పెట్టారు. డ్రైవరు మళ్లీ బిళ్ల వేశాడు, మళ్లీ కుమ్మాడు. ఠక్కుమని ఆట చచ్చింది. "ఇదేం మిషిను" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. హమాలీ ట్రంకు పెట్టె ఎత్తుకున్నాడు. వెనకవాళ్లు ఒకరిద్దరు జారుకున్నారు. మా అత్త నా దిక్కు చూడలేదు. నేను కూడా ఆమె దిక్కు చూడలేదు.

తర్వాత ఒక కుర్ర మాస్టరు ముందుకొచ్చి ఆడాడు. ఈసారి నేను జనాన్ని చూడలేదు, గోలీని చూశాను. అది మెల్లగా పైకి ఎక్కుతుంటే గరిటెను తల దిక్కు ఉంచాను. ఉన్ని పోగు తెగబోయేటప్పుడు రాట్నం చేతిని ఎంత మెత్తగా పట్టాలో అంత మెత్తగా. గోలీ వంపు తిరిగి మిట్టలకు తగలగానే మొనకు తోశాను. దీపాలన్నీ ఒక్కసారి గలగలమన్నట్టు మెరిశాయి. మళ్లీ గోలీ జారుతుంటే మళ్లీ నిమ్మళం. కాసేపటికి ఆ మాస్టరు చేతులు కూడా దీపాల నడకకు వచ్చాయి. వెలుగు నిమ్మళిస్తే ఆయన ఊపిరి బిగపట్టేవాడు, కుమ్మాలన్న ఆలోచనే లేదు. జనం కూడా ఊపిరి బిగపట్టేవాళ్లు. జోరు రాగానే అందరూ ఒకేసారి వదిలేవాళ్లు. అంతమంది ఊపిరి నా గరిటె కొసన ఉంది.

హమాలీ పెట్టె దించాడు. పెట్టె ఆయన దాని మీదికి ఎక్కి నిలబడ్డాడు. డ్రైవరు మళ్లీ వరుసలో నిలబడ్డాడు. కానీ ఆయన వంతు రాలేదు, ఎందుకంటే చాచా అందరినీ పక్కకు జరిపి తానే ఆడడం మొదలుపెట్టాడు. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని ఆడాడు. ఆయన ఆడుతుంటే చూడడం ఇదే మొదలని పక్క చాయ్ దుకాణం వాళ్లు కూడా వచ్చారు.

ఆట ముగిశాక చాచా మెచ్చుకుంటాడని నేను నిలబడి ఉన్నాను. ఆయన గరిటె దిక్కు వేలు చూపించి, "రేపు దీన్ని ఎవరు పట్టుకుంటరు?" అన్నాడు.

నేను గరిటె వదిలాను, పట్టీ మళ్లీ లావు దిక్కుకే ఎక్కింది.

"తిప్పే మర ఒకటి చెయ్యి బేటీ, నట్టు బోల్టు తీరుగ. నేను చేత్తో తిప్పితే గరిటె జరగాలె, ఇడిస్తే ఆడనే ఉండాలె. గంత చేసి తే. మిషినుకు ఇగ నీ మెరుపులే ఉంటయి, తీసేది లేదు."

మా అత్త నడుమ వచ్చింది. "సాయబన్నా, సక్కగ చెప్పు. మెచ్చినవా, లేదా?"

"మెచ్చకుంటె మర ఎందుకు అడుగుతనక్కా?"

తిరుగు బండిలో మా అత్త చాలాసేపు కిటికీలోంచి బయటకే చూసింది. శంకర్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన సీతాఫలాల గంపలు కాళ్ల కింద ఉన్నాయి, బోగీ అంతా వాసన.

"గా మర ఇంట్ల చేస్తె కాదా?" అంది చివరికి.

"మర కొయ్యాలంటె ఇనుపకడ్డీని కదలకుంట పట్టే శికంజాల బిగించాలె. శికంజా బల్లకు ఉన్నదవ్వా" అన్నాడు మా ఆయన.

"శికంజాను ఇంట్లకు పట్కరా."

"బల్లతోని కలిపి బిగించిన. తలుపుల పట్టది."

ఆమె ఒక సీతాఫలం అడిగి తీసుకుని, చెరి సగం చేసి, పెద్ద సగం నాకిచ్చింది.

మరుసటి రోజు మా ఆయన బజారు నుంచి స్టూలు తెచ్చాడు. నాలుగు కాళ్లూ సమంగా ఉన్నాయో లేవో చూడాలని మా అత్త ముందుగా తానే కూర్చుంది. అటు ఊగి చూసింది, ఇటు ఊగి చూసింది. తర్వాత రోడ్డు దిక్కు తిరిగి, వక్కాకు సంచి విప్పుకుంది. పోయే వాళ్లను పలకరించింది. మైకు సెట్టు అడగడానికి వచ్చిన వాళ్లకు కిరాయి సంగతులు చెప్పింది. నా కోడలు మర కోస్తున్నది, వికారాబాద్ నుంచి పని వచ్చిందని ఎవరూ అడగకుండానే చెప్పింది. నేను ఆమె పక్కన నిలబడి శికంజాలో కడ్డీ బిగించి కోస్తూనే ఉన్నాను.

పొద్దుగూకే వేళకు మా ఆయన మళ్లీ బజారుకు పోయి, ఇంకో స్టూలు తెచ్చాడు.